గెంటె మీద సంతకం

పోయిన డిసెంబరులో హైదరాబాదులో ఒక మేళాకి వెళ్లాను. శని, ఆదివారాలు రెండు రోజులే. కుడిచేతి వరసంతా స్టూడియోల నుంచి వచ్చినవాళ్లు: మట్టితో పనిచేసే సిరామిస్టులు, ఎచ్చింగులూ లినోకట్లూ వేసే ప్రింట్‌మేకర్లు. ఎక్కువమంది నా వయసువాళ్లే. ఎడమచేతి వరస మీద ‘హస్తకళలు’ అని బ్యానరు కట్టారు. అటు కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్కబొమ్మలు, చివరాఖర్న ఒక చిన్న బల్ల మీద చెక్క గరిటెలు, ఫోర్కులు, దువ్వెనలు.

కుడి వరసలో ఒక టీ మగ్గు కొన్నాను. పద్నాలుగు వందలు. బూడిదరంగు గ్లేజు, అంచు దగ్గర కొంచెం తుప్పురంగు. తిరగేసి చూస్తే అడుగున చేసినావిడ పేరు పొడి అక్షరాల్లో ఉంది. బేరం ఆడలేదు. ఆడాలన్న ఆలోచన కూడా రాలేదు. పక్క స్టాల్లో ఒక లినోకట్ తీసుకున్నాను. బొమ్మ కింద పెన్సిలుతో 6/20 అని అంకెలు, కుడిపక్కన సంతకం. దాని ధర ఇక్కడ చెప్పను. మా ఇంట్లోవాళ్లూ ఈ పత్రిక చదువుతారు.

ఎడమ వరస చివర ఒక చెక్క గరిటె చేతిలోకి తీసుకుని “ఎంతన్నా?” అన్నాను.

“నూట ఇరవై మేడం.”

“వందకిస్తారా?”

ఇచ్చాడు. కాగితంలో చుడుతుంటే అలవాటుగా గరిటెని తిరగేసి చూశాను. వెనక ఏమీ లేదు. ఎక్కడిదని అడిగితే ఉదయగిరి అన్నాడు. నాది వరికుంటపాడు. మా ఊళ్లో బస్సెక్కితే ఉదయగిరి ఎంతో దూరం కాదు. ఆ మాట చెప్పేసరికి మేడం పోయి అమ్మ వచ్చింది. “ముందే చెప్పుంటే ఎనభైకే ఇద్దును గదమ్మా,” అన్నాడు. అప్పుడు పడింది నాకు దెబ్బ.

ఇరవై రూపాయల సంగతి కాదు. మగ్గు కొన్నప్పుడు నేనొక మనిషి పనికి డబ్బిచ్చాను. గరిటె కొన్నప్పుడు ఒక వస్తువుకి ఇచ్చాను. రెండూ చేతిపనే. రెండూ వంటింట్లో వాడేవే. మధ్యలో తేడా, అడుగున ఉన్న నాలుగు అక్షరాలు. ఆ నాలుగు అక్షరాలు కొందరి పనిమీదికి ఎప్పుడొచ్చాయి, కొందరి పనిమీదికి ఎందుకు రాలేదు? ఇంటికొచ్చాక ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ వ్యాసం ఆ వెతుకులాట.

*

మా అవ్వ దాన్ని గరిటె అనదు, గెంటె అంటుంది. ఇంట్లో సంగటి కెలకడానికి పొడుగు తెడ్డు ఒకటుండేది, పులుసు తిప్పడానికి ఉదయగిరి గెంటె ఒకటి. ఇత్తడిదైతే చేతికి వేడి ఎక్కుతుంది, కొయ్యదైతే ఎక్కదు, చట్టి అడుగూ గీసుకుపోదు. నల్లబడి, అంచు ఒక పక్కకి అరిగిపోయిన ఆ గెంటెని కళాఖండం అని మా ఇంట్లో ఎవరైనా అనుంటే అవ్వ పడీ పడీ నవ్వేది.

ఆ గెంటెలు చేసేది ఉదయగిరిలో. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి, కల్ది, దేవదారి లాంటి కొయ్యలతో చేస్తారు. చేసేవాళ్లలో ఎక్కువమంది ముస్లిం కుటుంబాలవాళ్లు, అందులోనూ ఆడవాళ్ల చేయి ఎక్కువ. గరిటె పళ్లెం సాదాగానే ఉంటుంది. పనితనమంతా కాడలో. మెలికలు, పూలు, జాలీలాగా తొలిచిన సందులు. రంపం, ఉలి, ఆకురాయి, చివర్లో ఉప్పుకాగితం. రంగూ ఉండదు, లక్కా ఉండదు. కొయ్య రంగే రంగు. లేపాక్షి షోరూముల్లో ఎప్పుడైనా చూసుంటారు. ‘ఉదయగిరి వుడెన్ కట్లరీ’ పేరుతో దీనికి భౌగోళిక గుర్తింపు, అంటే జిఐ కూడా వచ్చింది. దాని సంగతి తర్వాత.

ఉదయగిరి అనగానే చదువుకున్నవాళ్లకి గుర్తొచ్చేది గరిటె కాదు, కోట. గజపతుల చేతిలో ఉన్న ఈ కొండకోటని శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించాడు. నెలల తరబడి సాగిన ముట్టడి 1514లో ముగిసింది. ప్రతాపరుద్ర గజపతి బంధువు తిరుమల రౌతరాయడు పట్టుబడ్డాడు. రాయలు తిరుమలకి వచ్చి స్వామికి కానుకలిచ్చి, ఆ గెలుపుని శాసనాల్లో రాయించాడు. ఉదయగిరి నుంచి ఒక బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లి, దానికోసం పెద్ద గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠ చేయించాడు. హంపీలో ఇప్పటికీ కృష్ణాలయం అని చూపించేది దాన్నే.

ఈ కథలో పేర్లకు కరువు లేదు. రాజు పేరుంది, ఓడినవాడి పేరుంది, కోట పేరుంది, దేవుడి పేరుంది. విగ్రహం కూడా చిన్నాచితకాది కాదు, ఒక చక్రవర్తి ముచ్చటపడి తన రాజధానికి మోయించుకుపోయినది. దాన్ని చెక్కినవాడి పేరు మాత్రం మనదాకా రాలేదు.

అయితే ఆ కాలంలో పనివాళ్లు సంతకం చేయరు, అది మన సంప్రదాయం కాదు అని తేల్చేద్దామా? చాలామంది తేల్చేశారు. నేనూ కొన్నాళ్లు అదే నమ్మాను. కాదని చెప్పేది రాయలవారి రాగిరేకులే.

*

విజయనగర రాజులు భూమి దానం చేసినప్పుడు ఆ దస్తావేజుని రాగిరేకుల మీద చెక్కించేవాళ్లు. అచ్చమైన పత్రం లాగా దానికో పద్ధతి ఉంది. దేవతాస్తుతి, రాజు వంశావళి, ఇచ్చిన ఊరు, దాని హద్దులు, పుచ్చుకున్నవాళ్ల పేర్లు, ఇచ్చినదాన్ని లాక్కుంటే తగిలే పాపాలు. చివర్లో, రాయలవారి రాగిరేకుల్లో, ఇద్దరు పనివాళ్ల పేర్లొస్తాయి. శ్లోకాలు కూర్చినవాడు సభాపతి. రేకు చెక్కినవాడు మల్లణ కొడుకు వీరణాచార్యుడు. ఆ ఇంటివాళ్లకి శాసనాచార్యులని బిరుదు. తండ్రి పేరు, తన పేరు, తన వృత్తి. మగ్గు అడుగున ఉన్న పొడి అక్షరాలకంటే నిండైన సంతకం ఇది.

ఇంకో తమాషా ఉంది. అన్నిటికంటే అడుగున పెద్ద అక్షరాలతో రాజుగారి చేవ్రాలు ఉంటుంది. అక్కడ రాజు తన పేరు రాసుకోడు. ‘శ్రీ విరూపాక్ష’ అని దేవుడి పేరు ఉంటుంది. అంటే ఒకే రేకు మీద చక్రవర్తి తన పేరు వదులుకుని దేవుడి పేరుతో సంతకం చేస్తున్నాడు. కంసాలి తన పేరుతో చేస్తున్నాడు. పనివాడికి పేరు వద్దనే సంప్రదాయమే ఉంటే ఇది పొసగదు.

మరి వీరణాచార్యుడికి దొరికింది విగ్రహం చెక్కినవాడికి ఎందుకు దొరకలేదు? నాకు తోచిన కారణం ఒకటే. రాగిరేకు కోర్టుకెక్కే వస్తువు. రేపు ఎవడో దొంగరేకు పుట్టించి భూమి నాదంటాడు. ఎవరు కూర్చారు, ఎవరు చెక్కారు అని అడిగితే జవాబుండాలి. అక్కడ సంతకం గౌరవం కోసం మాత్రమే కాదు, జవాబుదారీ కోసం. దేవుడి విగ్రహం విషయంలో అలాంటి తగాదా రాదు. గెంటె విషయంలో అసలే రాదు. సంతకం కళని బట్టి కాదు, తగాదాని బట్టి వస్తుంది.

యూరప్‌లోనూ అదే కాలంలో ఇదే కథ. రాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా. జర్మనీలో ఆల్‌బ్రెహ్ట్ డ్యూరర్ బతికింది 1471 నుంచి 1528 దాకా. ఇద్దరూ ఒక కాలంవాళ్లు. డ్యూరర్ కొయ్యమీదా రాగిమీదా చెక్కి, కాగితం మీద అచ్చువేసి అమ్మేవాడు. ప్రతి బొమ్మలోనూ ఏ కింద డి దూర్చిన చిన్న గుర్తు పెట్టేవాడు. ఇటలీలో మార్కాంటోనియో రైమొండి ఆ బొమ్మల్ని గుర్తుతో సహా నకలు చెక్కి అమ్మాడు. డ్యూరర్ వెనిస్‌లో ఫిర్యాదు చేశాడనీ, బొమ్మని నకలు కొట్టుకోవచ్చు గానీ ఆ గుర్తు మాత్రం వాడకూడదని అక్కడి ప్రభుత్వం తీర్పిచ్చిందనీ వసారి తన చిత్రకారుల చరిత్రలో రాశాడు. అక్కడా అంతే. బొమ్మకి రక్షణ లేదు, పేరుకే ఉంది.

ఉలితో రాగిని గీసే పని దగ్గర వీరణాచార్యుడూ డ్యూరరూ ఒకే వృత్తివాళ్లు. ఒకరి రేకు చదవడానికి, ఇంకొకరిది అచ్చువేయడానికి. తర్వాత నాలుగొందల ఏళ్లకి మన రేకులూ రాళ్లూ అచ్చుకే వచ్చాయి. నెల్లూరు జిల్లా శాసనాలని అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల చెట్టి కలిసి 1905లో మూడు సంపుటాలుగా వేశారు. శాసనాలు సేకరించేవాళ్లు రాయి మీద తడి కాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్ది ప్రతి తీస్తారు. గుంటలు తెల్లగా, మిగతాదంతా నల్లగా వస్తుంది. లినోకట్ వేసే ఏ కుర్రాణ్ణి అడిగినా ఇది ప్రింటే అంటాడు.

ఉదయగిరికి పడమట కొండలు దాటితే కడప జిల్లా బద్వేలు సీమ. అక్కడి గోపవరం మొల్లది. ఆతుకూరి కేసన కూతురినని తన రామాయణంలో తనే చెప్పుకుంది. లోకం ఆమెని కుమ్మరి మొల్ల అంటుంది. ఆ మాటే నిజమైతే, ఆ ఇంట్లో సారె మీద లేచిన వేల కుండల్లో ఒక్కదాని జాడా మనకు లేదు. కూతురు కావ్యం రాసింది గనక తండ్రి పేరు మిగిలింది. కావ్యానికి అవతారిక ఉంటుంది, కవి తన ఇంటిపేరు చెప్పుకునే చోటొకటి ఉంటుంది. కుండకి ఆ చోటు లేదు.

*

ఇప్పుడు ఆ 6/20 సంగతి.

ప్రింటుకి పుట్టుకతోనే ఒక చిక్కుంది. పలక ఒకటి, ప్రతులు ఎన్నయినా. పెడనలో కలంకారి గుడ్డ అద్దే టేకు అచ్చు అరిగిపోయేదాకా అద్దుతూనే ఉంటుంది, ఎన్నిసార్లు అద్దారో ఎవరూ లెక్కపెట్టరు. చిత్రకళ బజారుకి అది కుదరదు. అరుదైనదైతేనే ధర. అందుకని ఇరవై ప్రతులు తీసి ఆపేస్తారు. పలకని అడ్డంగా గీసి పాడుచేసేవాళ్లూ ఉన్నారు. 6/20 అంటే ఇరవైలో ఇది ఆరోది అని హామీ. బొమ్మ కింద పెన్సిలు సంతకం కూడా అనాదిగా ఉన్నది కాదు. 19వ శతాబ్దం చివర్లో విస్లర్ లాంటివాళ్లు సంతకమున్న ప్రతికి ఎక్కువ ధర పెట్టడం మొదలుపెట్టాక అలవాటుగా స్థిరపడింది. కాగితం అదే, సిరా అదే, పలక అదే. పెరిగింది పెన్సిలు గీత ఒక్కటే.

దీన్ని ఎగతాళిగా చెప్పడం లేదు. ఆ పెన్సిలు గీత వల్లే మన పల్లెల్లో పుట్టినవాళ్లు కొందరు లోకానికి తెలిశారు. నందనూరు కృష్ణారెడ్డి 1925లో చిత్తూరు జిల్లాలో పుట్టాడు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివాడు, మద్రాసు కళాక్షేత్రంలో పాఠం చెప్పాడు, లండన్‌లో హెన్రీ మూర్ దగ్గర శిల్పం నేర్చుకుని పారిస్ చేరాడు. అక్కడ స్టాన్లీ విలియం హేటర్ నడిపే అటెలియే 17 అనే ప్రింటు కార్ఖానా ఉంది. అప్పటిదాకా రంగుల ఎచ్చింగ్ అంటే రంగుకో పలక. నాలుగు రంగులైతే నాలుగు పలకలు, నాలుగుసార్లు ప్రెస్సు, కొంచెం జరిగితే బొమ్మ చెడినట్టే. కృష్ణారెడ్డి, ఆయన తోటివాళ్లు ఒకే పలకమీద అన్ని రంగులూ ఎక్కించే పద్ధతి తేల్చారు. పలకని మెట్లు మెట్లుగా లోతు చేస్తారు. ఒక సిరాలో నూనె ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ. గట్టి రోలరు పై మెట్టుని మాత్రమే తాకుతుంది, మెత్తటి రోలరు లోపలి మెట్టుదాకా దిగుతుంది. పలచటి సిరా పడ్డచోట చిక్కటి సిరా అంటదు. ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఆ తోపులాటలోంచి రంగులొస్తాయి. విస్కోసిటీ ప్రింటింగ్ అంటారు. ఆయన ‘వర్ల్‌పూల్’ చూసినవాళ్లకి నీటిసుడిలో అన్ని రంగులెలా ఇమిడాయో ఇప్పుడు అర్థమవుతుంది. 1972లో పద్మశ్రీ, 1976 నుంచి న్యూయార్క్, 2018లో మరణం.

ఇక్కడ నేను గమనించినది: కృష్ణారెడ్డి పేరు చెప్పినప్పుడల్లా అటెలియే పేరూ చెప్పాలి. అది ఒంటరి స్టూడియో కాదు. ఒకరి బల్ల పక్కన ఒకరు, ఒకరు కనిపెట్టింది రెండోవాడు అందుకోవడం. కార్ఖానా అనే మాట ఊరికే వాడలేదు. సంతకం ఒకరిదే అయినా చేతులు చాలా ఉన్నాయి.

మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ ఎచ్చింగుల్లో తన ఊరి ఆడా మగా, మేకలూ చెట్లూ మనందరికీ తెలిసినవే. ఆయన మట్టి పనీ చేశాడు, టెర్రకోటా సిరామిక్కూ రెండూ. ప్రింటు, కుండ ఒక్క మనిషి చేతిలో కలవడం ఆయన చదువుకున్న చోటికి కొత్త కాదు. 1960లలో బరోడాలో చదివాడు. అక్కడ ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీలో కె.జి. సుబ్రమణ్యన్ ఉన్నాడు. చేనేత బోర్డులో డిజైను పని చేసి వచ్చిన మనిషి. ఆ రోజుల్లోనే బరోడాలో ఫైన్ ఆర్ట్స్ ఫెయిర్ మొదలైంది. పంతుళ్లూ పిల్లలూ కలిసి బొమ్మలు, కుండలు, ప్రింట్లు చేసి తక్కువ ధరకి ఊరివాళ్లకి అమ్మేవాళ్లు. సుబ్రమణ్యన్ స్వయంగా కొయ్యతో ఆటబొమ్మలు చేసి పెట్టాడు. శాంతినికేతన్‌లో 1973 నుంచి నందలాల్ పుట్టినరోజు ముందర నందన్ మేళా జరుగుతోంది. అదీ అంతే. పంతుళ్లూ పిల్లలూ చేసినవి అమ్మి, ఆ డబ్బు విద్యార్థుల సహాయనిధికి వేస్తారు.

నేను డిసెంబరులో నడిచిన కుడి వరస ఈ మేళాలకు మనవరాలు. వాటి వెనక ఆశ గొప్పది. గ్యాలరీ గోడ దిగి కళ సంతలోకి రావాలి, చేతిపనివాడి పక్కన కూర్చోవాలి. కూర్చుంది కూడా. అయితే కళాకారుడు సంతకి వచ్చేటప్పుడు తన పేరు వెంట తెచ్చుకున్నాడు. పక్కనున్న పనివాడికి ఆ పేరులో వాటా రాలేదు. రాకపోకలు ఒకవైపే సాగాయి.

*

మట్టి వైపు కథ ఇంకా వింతగా ఉంది. ఎందుకంటే అక్కడ పేరు లేకపోవడాన్నే ఒక సిద్ధాంతం చేశారు.

ఆనంద కుమారస్వామి 1909లో ‘ది ఇండియన్ క్రాఫ్ట్స్‌మన్’ రాశాడు. ఊరికి కట్టుబడి, కులవృత్తిగా, తన పేరు కోసం కాకుండా పనిచేసే చేతిపనివాడు ఆయనకి ఆదర్శం. జపాన్‌లో యనాగి సోయెత్సు 1920లలో ‘మింగేయ్’ అనే మాట పుట్టించాడు, జనం కళ అని. పేరులేని కుమ్మరి రోజుకి వందల కొద్దీ చేసిన అన్నం గిన్నెలోనే అసలైన అందం ఉందన్నాడు. ఆయన మిత్రులు హమడా షోజి, ఇంగ్లిషువాడు బెర్నార్డ్ లీచ్ 1920లో ఇంగ్లండు సెయింట్ ఐవ్స్‌లో కుండల బట్టీ పెట్టారు. అక్కణ్నుంచే ప్రపంచమంతా స్టూడియో పాటరీ పాకింది. మన దేశానికీ అదే దారిలో వచ్చింది. సర్దార్ గురుచరణ్ సింగ్ కుర్రతనంలో జపాన్ వెళ్లి వీళ్లందరినీ కలిశాడు. తర్వాత ఢిల్లీలో బ్లూ పాటరీ నడిపాడు. పాండిచ్చేరిలో 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు. నేటి మన సిరామిస్టుల్లో చాలామంది విద్య వెతుక్కుంటూ పోతే ఆ గేటు తగులుతుంది.

హమడా జపాన్ తిరిగొచ్చాక తన కుండల మీద ముద్ర వేయడం మానేశాడు. పేరు వద్దనే సిద్ధాంతాన్ని తను పాటించాలి కదా. కానీ ఆ కుండని పెట్టే కొయ్యపెట్టె మీద సంతకం చేసేవాడు. కొనేవాళ్లు పెట్టెని కుండకంటే జాగ్రత్తగా దాచుకునేవాళ్లు.

హమడాని తప్పుపట్టడం లేదు. ఆయన ఇరుకు నాకర్థమైంది. కానీ పేరులేనితనాన్ని పొగిడినవాళ్లందరికీ పేరుందని గమనించాలి. కుమారస్వామి పుస్తకం మీద కుమారస్వామి పేరుంది, యనాగి వ్యాసాల మీద యనాగి పేరుంది. పేరు వద్దనుకోవడానికి ముందు పేరు ఉండాలి. మా ఊరి కుమ్మరికి ఎవరూ పెట్టె ఇచ్చి సంతకం పెట్టమనలేదు.

తిరగేసి చూస్తే ఇంకోటి కూడా ఉంది. స్టోన్‌వేర్ మగ్గుని పన్నెండు వందల డిగ్రీల పైన కాలుస్తారు. ఆ వేడికి గ్లేజు గాజులా కరగాలంటే ఫెల్డ్‌స్పారూ క్వార్ట్జూ కావాలి. రెండూ మా నెల్లూరు సీమలో గూడూరు, సైదాపురం వైపు మైకా గనుల పక్కనే దొరుకుతాయి. గూడూరులో సిరామిక్ టెక్నాలజీ నేర్పే ప్రభుత్వ సంస్థ కూడా ఉంది. నా పద్నాలుగు వందల మగ్గు మీద మెరుపు మా నెల్లూరు రాయిదే అయినా ఆశ్చర్యం లేదు. మగ్గు అడుగున ఆ సంగతి రాసి ఉండదు. రాయి తవ్వినవాళ్లకి సంతకం ఎవరిస్తారు?

*

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఒకరోజు ఉదయగిరి వెళ్లాను. మేళాలో కలిసిన అన్న ఇల్లు చూపించాడు. వాళ్లమ్మ వాకిట్లో కూర్చుని ఫోర్కు పళ్లు ఆకురాయితో సాఫు చేస్తా ఉంది. అరవై దాటి ఉంటాయి. టీ తెప్పించింది. స్టీలు గ్లాసులో.

నేను మేళాలో చూసింది చెప్పాను. మగ్గు ఫొటో చూపించాను, అడుగున పేరు చూపించాను. ధర చెప్పేసరికి ఆమె కొడుకు వంక చూసింది.

“మీరూ మీ పేరు చెక్కితే బాగుంటది కదమ్మా. ధర వస్తది,” అన్నాను.

“చెక్కొచ్చు. ఎవరి పేరు చెక్కాల?” అంది.

“మీ పేరే.”

“కొయ్య చూసి కొనుక్కొచ్చేది మా ఆయన. రంపానికి కోసేది వీడు. పూలు దీసేది నేను. ఉప్పుకాయితం పట్టేది మా కోడలు. ఇందులో నా పేరెట్ట రాసుకునేది?”

నేను ఊరుకోలేదు. ఇంటిపేరైనా పెట్టొచ్చు కదా అన్నాను. ఆమె ఫోర్కు పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

“ఒక పేరు పైకొచ్చిందనుకో. ఆ పేరున్నదే కావాలంటారు కొనేవాళ్లు. అప్పుడు ఈదిలో మిగతావోళ్లంతా ఆ పేరు కింద కూలికి చెయ్యాల. ఇప్పుడు పది రూపాయలు తక్కువొచ్చినా ఎవరి పని వాళ్లది.”

నా దగ్గర తయారుగా ఉన్న జవాబేదీ పనికిరాలేదు. ఆమె చెప్పింది చరిత్రలో జరిగిందే. 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు వచ్చింది, కమలాదేవి చట్టోపాధ్యాయ దాన్ని నడిపింది. ఆ బోర్డూ ఆమే లేకపోతే మన కలంకారితో సహా ఎన్నో పనులు మిగిలేవి కావు. 1965 నుంచి ఉత్తమ పనివాళ్లకి జాతీయ అవార్డులు వచ్చాయి. పేరులేనివాళ్లకి పేరు దొరికింది, అది న్యాయమే. కానీ ఇంటిల్లిపాదీ చేసిన పనికి శాలువా ఒకరికే కప్పుతారు.

జిఐ ఈ చిక్కుకి వేరే దారి. 1999లో చట్టం చేశారు, 2003లో అమల్లోకి వచ్చింది. పోచంపల్లి ఇక్కత్, శ్రీకాళహస్తి కలంకారి తొలి ఏళ్లలోనే అందులో చేరాయి. అక్కడ సంతకం మనిషిది కాదు, ఊరిది. ఉదయగిరి అనేదే సంతకం. నిజానికి ఆమె మాటకి దగ్గరగా ఉన్నది ఇదే. లోటెక్కడంటే, ఊరి పేరు రిజిస్టరులో ఉంది, నేను కొన్న గరిటె మీద లేదు. నేను అడిగితే గానీ అది ఉదయగిరిదని నాకే తెలియలేదు, పక్క ఊరిదాన్ని అయ్యుండీ.

ప్రింటువాళ్ల దగ్గర ఇంకో పద్ధతుంది, అది ఆమెకి చెప్పాను. 1960లో లాస్ ఏంజెలెస్‌లో జూన్ వేన్ అనే కళాకారిణి టామరిండ్ పేరుతో లితో కార్ఖానా పెట్టింది. అక్కడ ప్రతి ప్రింటు మీదా కళాకారుడి సంతకంతో పాటు, మూలన సిరా లేకుండా ఒత్తిన చిన్న గుర్తులుంటాయి. ఒకటి కార్ఖానాది, ఇంకోటి దాన్ని అచ్చు తీసిన పనివాడిది. జపాన్ పాత కొయ్య ప్రింట్ల మీద కూడా గీసినవాడి పేరుతో పాటు ప్రచురించినవాడి ముద్ర, అప్పుడప్పుడూ చెక్కినవాడి పేరు కనిపిస్తాయి. ఒక వస్తువు మీద ఇద్దరు ముగ్గురికి చోటు దొరకడం అసాధ్యమేమీ కాదు. కాడ వెనక ఊరి పేరొకటి, ఇంటి గుర్తొకటి. అంతే కదా.

విని, “గుర్తయితే ఉండాది గదా,” అంది.

నేను హైదరాబాదు నుంచి తెచ్చిన గరిటె అడిగి తీసుకుని, కాడా పళ్లెమూ కలిసే మెడ దగ్గర వేలు పెట్టి చూపించింది. అక్కడ చిన్న గాటు, ఒక పక్కకి వాలి ఉంది. నేను నగిషీలో భాగమనుకున్నాను. “ఇది మా ఇంటి గాటు. మా అత్త ఇట్నే తిప్పేది. అవతలీది వాళ్లు గాటే పెట్టరు, గుండ్రంగా దింపుతారు. చూస్తే తెలీదా యేంది?”

పురావస్తు తవ్వకాల్లో దొరికే బృహత్ శిలాయుగపు కుండల మీద గీతలుంటాయి. చేసినవాడి గుర్తా, వాడినవాడి గుర్తా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఇన్ని రాగిరేకులూ ప్రింట్లూ తిరిగొచ్చిన నాకు, చేతిలో ఉన్న గరిటె మీద సంతకం చదవడం రాలేదు. సంతకం లేదని తీర్మానించి, దాని గురించి వ్యాసం రాయడానికి కూడా సిద్ధమయ్యాను.

వచ్చేటప్పుడు బేరం ఆడి తగ్గించిన ఇరవై ఇవ్వబోతే మొహమాటపడకుండా తీసుకుంది. లెక్క లెక్కే.

ఇంటికొచ్చి అవ్వ గెంటె బయటికి తీశాను. మెడ దగ్గర గాటు లేదు, గుండ్రంగా దిగి ఉంది. ఎప్పుడు కొన్నారని అవ్వని అడిగితే, “నీ పెద్దత్త పెళ్లికి ముందు,” అంది. ఫొటో తీసి ఉదయగిరి అన్నకి పంపాను. సాయంత్రానికి ఫోను చేశాడు.

“అది మాది కాదమ్మా. అవతలీది వాళ్లది. చేసినాయన ఇప్పుడు లేడు, వాళ్లమ్మాయి ఉండాది. పేరు కనుక్కోని చెప్తా.”